పిల్లలు పోట్లాడుకునే భాష

“మారతహళ్ళిలో ఉంటూ పిల్లలకు తెలుగు తరగతులెందుకండీ? బ్రిడ్జి దగ్గర ఐదు నిమిషాలు నిలబడితే చెవుల నిండా తెలుగే కదా!”

బెంగళూరు మారతహళ్ళిలోని మా అపార్టుమెంటు సమావేశంలో ఒక పెద్దాయన అన్న మాట ఇది. ఆదివారం పొద్దున రెండు గంటలు పిల్లల చేత తెలుగులో ఆటలాడించడానికి కింది హాలు ఇప్పించమని అడగడానికి మేం నలుగురం వెళ్ళాం. ఆయన మాటకు సగంమంది తలలూపారు. తర్వాత ఒక్కొక్కరే గొంతు కలిపారు. ఇంట్లో మాట్లాడుకుంటే చాలన్నారు ఒకరు. నేర్పాలనుకుంటే పలక పట్టించి ఓనమాలు దిద్దించండి గానీ గవ్వలాటలేమిటన్నారు మరొకరు. కన్నడ గడ్డ మీద ఈ తరగతులు చూసి ఇక్కడివాళ్ళు ఏమనుకుంటారని ఇంకొకరు సందేహించారు. ఇంగ్లీషు, కన్నడ, హిందీ చదివే పిల్లల నెత్తిన నాలుగో బరువు ఎందుకని ఒక తల్లి బాధపడింది.

చివరికి హాలు ఇచ్చారు. తరగతి నడుస్తోంది. కానీ ఆ మాటలు ఆ గదిలోనే ఆగిపోలేదు. కుందలహళ్ళిలో, బెళ్ళందూరులో, వైట్‌ఫీల్డులో తెలుగువాళ్ళున్న ప్రతి గేటెడ్ కమ్యూనిటీలోనూ అవే మాటలు వినిపిస్తున్నాయి. అన్నవాళ్ళెవరూ తెలుగుకు శత్రువులు కారు. పిల్లల మేలు కోరేవాళ్ళే. అందుకే జవాబు చెప్పాలి. మంచి మనసుతో నమ్మిన పొరపాటును ఎవరూ అనుమానించరు. అనుమానించేలోపు ఒక తరం పెరిగి పెద్దదైపోతుంది.

మొదటి మాట: మారతహళ్ళి నిండా తెలుగే. నిజమే. 2011 జనగణన లెక్కల్లో బెంగళూరులో నూటికి దాదాపు 14 మంది తెలుగు తమ మాతృభాష అని చెప్పారు. ఔటర్ రింగ్ రోడ్డుకు ఇటు చివర ఆ పాలు ఇంకా ఎక్కువనిపిస్తుంది. శుక్రవారం రాత్రి నెల్లూరు, విజయవాడ, హైదరాబాదు బస్సుల కోసం సంచులు పట్టుకుని నిలబడేవాళ్ళు తెలుగువాళ్ళు. మున్నేకొళాల సందుల్లో పీజీ హాస్టళ్ళు నడిపేవాళ్ళు తెలుగువాళ్ళు. మెస్సుల్లో ముద్దపప్పు, గోంగూర, కారప్పొడి. కళామందిర్ అన్న చీరల దుకాణం పేరు బస్‌స్టాపుకే స్థిరపడిపోయింది. కొత్త సినిమా విడుదలైన రోజున తులసి థియేటరు దగ్గర రోడ్డు దాటడం కష్టమైన రోజులు ఇక్కడ చాలాకాలంగా ఉన్నవాళ్ళకు గుర్తే.

అయితే ఆ తెలుగంతా ఎవరిది? పెద్దవాళ్ళది. బస్సు మాట్లాడుకునేది పెద్దవాళ్ళు. అద్దె బేరమాడేది పెద్దవాళ్ళు. సాయంత్రం ఐదున్నరకు అదే అపార్టుమెంటు వెనక జారుడుబల్ల దగ్గరికి వెళ్ళి వినండి. పది మంది పిల్లలుంటే వాళ్ళలో నలుగురైదుగురు తెలుగు ఇళ్ళ పిల్లలే. మిగిలినవాళ్ళు మలయాళీలు, బిహారీలు, కన్నడిగులు, ఒడియావాళ్ళు. అందరికీ ఉమ్మడిగా ఉన్నది ఇంగ్లీషు కాబట్టి ఆట ఇంగ్లీషులో సాగుతుంది. ఇందులో తప్పేమీ లేదు. తర్వాత జరిగేదే గమనించాలి. చీకటి పడి మిగతావాళ్ళు ఇళ్ళకు వెళ్ళిపోయి ఇద్దరు తెలుగు పిల్లలే మిగిలినా ఇంగ్లీషే కొనసాగుతుంది. “మై టర్న్”, “నో, యు ఆర్ చీటింగ్.” వాళ్ళకు తెలుగు రాకపోలేదు. తెలుగు అమ్మానాన్నలతో మాట్లాడేదనీ, ఈడువాళ్ళతో మాట్లాడేది కాదనీ వాళ్ళకు తెలియకుండానే ఒక ఏర్పాటు జరిగిపోయింది.

భాష పోవడం ఇక్కడే మొదలవుతుంది. పిల్లలు పెద్దలతో మాత్రమే మాట్లాడే భాషకు ఆ పెద్దల ఆయుష్షే ఉంటుంది. పిల్లలు పిల్లలతో మాట్లాడుకునే భాష తర్వాతి తరానికి అందుతుంది. నేను చెప్పదలచుకున్నదంతా ఈ రెండు వాక్యాలే. మిగిలిన ఆక్షేపణలన్నిటికీ జవాబు వీటిలోంచే వస్తుంది.

పెద్దాయన నాకు జవాబుగా ఊళ్ళను చూపించవచ్చు. ఇక్కడికి వంద కిలోమీటర్ల దూరంలో చిక్కబళ్ళాపురం జిల్లా బాగేపల్లి ప్రాంతం ఉంది. అక్కడ తరతరాలుగా ఇంటి భాష తెలుగు, బడి భాష కన్నడం. తెలుగు చదవడం రానివాళ్ళు ఎంతోమంది. అయినా తెలుగు చెక్కుచెదరలేదు. ఏ తరగతులూ లేకుండానే నిలిచింది కదా అంటారు. నిలిచింది. ఎందువల్ల? అక్కడి పిల్లలు చెరువుగట్టు మీద, రచ్చబండ దగ్గర, గొడ్ల వెనక తెలుగులోనే ఆడుకున్నారు, తెలుగులోనే తిట్టుకున్నారు. అక్షరం లేకుండా కూడా భాష బతికింది, ఆట తెలుగులో ఉంది గనక. మారతహళ్ళిలో మనకున్నది దీనికి సరిగ్గా తలకిందులు. ఊరి నిండా తెలుగు పెద్దలు, ఆటస్థలంలో తెలుగు సున్న. బాగేపల్లికి వీధి ఇచ్చినదాన్ని ఇక్కడ మనం పూనుకుని ఏర్పాటు చేసుకోవాలి. ఆదివారం తరగతి అంటే అదే.

రెండో మాట: ఇంట్లో మాట్లాడితే చాలు. ఇంట్లో మాట్లాడకపోతే ఏ తరగతీ ఏమీ చేయలేదు, అందులో నాకు వాదం లేదు. చాలదనే నా వాదం. బెల్జియంలో డచ్చి మాట్లాడే ప్రాంతంలో, ఇంట్లో తల్లిదండ్రుల్లో కనీసం ఒకరైనా వేరే భాష మాట్లాడే 1,899 కుటుంబాల వివరాలను ఆనిక్ డి హౌవర్ అనే భాషావేత్త పరిశీలించి 2007లో ప్రచురించారు. దాదాపు నాలుగో వంతు కుటుంబాల్లో పిల్లలు ఆ ఇంటి భాష మాట్లాడడం లేదు. చెవిన పడుతూనే ఉంది, నోటికి రాలేదు. ఆ నాలుగో వంతు ఇళ్ళు ఎలా ఉంటాయో తెలుసుకోవడానికి మనం బెల్జియం పోనక్కర్లేదు. అమ్మ తెలుగులో అడుగుతుంది, కొడుకు ఇంగ్లీషులో జవాబిస్తాడు, అమ్మ మళ్ళీ తెలుగులో అడుగుతుంది. అలాంటి భోజనాల బల్ల మనలో చాలామంది ఇళ్ళలో ఉంది.

ఇంటి తెలుగు ఎలాంటిదో కూడా ఒకసారి ఆలోచించండి. లే, పళ్ళు తోముకో, పాలు తాగు, బస్సొచ్చింది పరిగెత్తు, హోంవర్కు చేశావా, ఇక పడుకో. పొద్దుటి నుంచి రాత్రి దాకా పిల్లవాడు ఆజ్ఞలు వింటాడు. తానెన్నడూ ఆజ్ఞాపించడు. బేరమాడడు, పందెం కాయడు, ఎదుటివాణ్ణి ఏడిపించడు, కోతలు కోయడు, అలిగి మళ్ళీ కలవడు. ఇవన్నీ సమ ఈడువాళ్ళతో చేసే పనులు. ఈ పనులన్నీ ఇంగ్లీషులో చేసి, అన్నం తినడం మాత్రం తెలుగులో చేసిన పిల్లవాడికి పదేళ్ళు వచ్చేసరికి తన తెలుగు పసివాడి మాటల్లా అనిపిస్తుంది. నోరు తెరవడానికి సిగ్గుపడతాడు. తెలుగంటే ఇష్టం లేదని మనం అనుకుంటాం. ఇష్టం లేక కాదు, ఆ భాషలో అతనికి పెద్దవాడయ్యే అవకాశమే ఎవరూ ఇవ్వలేదు.

మూడో మాట: ఆటలతో భాష రాదు, పాఠం కట్టుదిట్టంగా చెప్పాలి. అన్నిటికంటే గట్టిగా అన్న మాట ఇదే. నేను అన్నిటికంటే గట్టిగా ఖండించేదీ దీన్నే.

మా హాల్లో జరిగేది చెబుతాను. నేల మీద సుద్దముక్కతో గళ్ళు గీసి, నాలుగు గవ్వలు వేసి అష్టాచెమ్మా ఆడిస్తాం. నాలుగు పడితే చెమ్మ, ఎనిమిది పడితే అష్ట. గవ్వలు విసిరినవాళ్ళు ఎంత పడిందో తెలుగులో పైకి చెప్పి లెక్కపెడుతూ కాయ జరపాలి. మొదటి వారం “ఏడు” దగ్గర నత్తినత్తిగా ఆగినవాళ్ళు నాలుగో వారానికి ఎదుటివాడి లెక్క తప్పును గద్దించి పట్టుకుంటారు. ఆట వేడెక్కగానే తగాదా వస్తుంది. అప్పుడు ఒకే ఒక్క నియమం: పోట్లాట తెలుగులో అయితేనే పెద్దలం తీర్పు చెబుతాం. “తొండి!” అన్న మాట ఆ హాల్లో ఎవరూ పాఠంగా చెప్పలేదు. అవసరం పుట్టింది, ఎవరో ఒక పిల్ల అరిచింది, అరగంటలో పదిహేను మందికీ వచ్చేసింది.

ఆటలోనే వచ్చి, బల్ల ముందు కూర్చుంటే రాని సంగతి ఒకటి చెబుతాను. తెలుగులో మేము వేరు, మనం వేరు. ఎదుటివాణ్ణి కలుపుకుంటే మనం, వదిలేస్తే మేము. ఇంగ్లీషులో ఈ తేడా లేదు. హిందీ హమ్‌లో లేదు. నేటి కన్నడం నావులోనూ లేదు. అంటే ఈ పిల్లలు బడిలో నేర్చే మూడు భాషల్లో ఏదీ వాళ్ళకు ఈ తేడా ఇవ్వదు. అందుకే మా పిల్లలు ఇంటికొచ్చిన చుట్టంతో “నిన్న మనం సినిమాకెళ్ళాం” అనేవాళ్ళు, చుట్టం తెల్లబోయేవాడు. దిద్దితే ఆ పూటకు దిద్దుకునేవాళ్ళు. తర్వాత రెండు జట్లు చేసి ఆడించాం. గెలిచిన జట్టు పిల్లవాడొకడు ఎదుటి జట్టు ముఖం మీద “మనం గెలిచాం” అని ఎగిరాడు. “అయితే మాకూ చాక్లెట్లు ఇవ్వండి” అంది ఓడిన జట్టు. వాడు వెంటనే “మేము, మేము గెలిచాం!” అని దిద్దుకున్నాడు. ఆ తర్వాత ఆ తప్పు వాడి నోట నేను వినలేదు. వ్యాకరణం పుస్తకంలో ఒక సూత్రంగా ఉన్నది ఆ పిల్లవాడికి ఒక చాక్లెట్ విలువ చేసింది.

దీన్ని ఎవరైనా విదేశాల నుంచి దిగుమతి చేసిన పద్ధతి అంటే అది మన చరిత్ర తెలియక అన్న మాట. 1940లలో మద్రాసు ఆకాశవాణిలో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యలై తెలుగు పిల్లల చేత ఆడించారు, పాడించారు, నాటికలు వేయించారు. 1945లో ‘బాల’ పత్రిక తెచ్చారు. తర్వాత హైదరాబాదులో బాలానంద సంఘం పెంచారు. మద్రాసు అప్పటికి ఉమ్మడి రాష్ట్రానికి రాజధానే అయినా వీధి భాష తమిళం. ఆ వీధుల్లో పెరిగే తెలుగు పిల్లలకు వాళ్ళు ఇచ్చింది వ్యాకరణ పాఠం కాదు, కలిసి అల్లరి చేసే చోటు. 1947 జూలైలో ‘చందమామ’ వెలువడింది కూడా ఆ ఊళ్ళోనే. గుజరాతులో గిజుభాయి బధేకా కథతో, ఆటతో బడి నడిపి చూపిన పుస్తకం ‘పగటికల’ పేరుతో తెలుగు ఉపాధ్యాయుల చేతుల్లో ఎన్నో ఏళ్ళుగా ఉంది. ఆటతో చెప్పడం మనకు కొత్త కాదు. మనం మరిచిపోయాం.

పాఠం మాత్రమే ఉండి ఆట లేకపోతే ఏమవుతుందో కూడా మన జాతి చరిత్రలోనే ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో చెరకు తోటల్లో కూలి పనికి మారిషస్ వెళ్ళిన తెలుగువాళ్ళ సంతతి తమ తెలుగుతనాన్ని ఎంతో శ్రద్ధగా కాపాడుకుంది. ఉగాది చేస్తారు, రామభజన చేస్తారు. ప్రభుత్వ బడుల్లో తెలుగు ఒక పాఠ్యాంశంగా ఉంది. పరీక్షలున్నాయి, పుస్తకాలున్నాయి, అంకితభావంతో చెప్పే ఉపాధ్యాయులున్నారు. అయినా ఎక్కువ ఇళ్ళలో, ఆటస్థలాల్లో మాట క్రియోల్‌లో సాగుతుంది. వాళ్ళ పట్టుదలకు చేతులెత్తి మొక్కాలి. కానీ ఆ అనుభవం మనకో మాట చెబుతోంది: పరీక్ష రాసే భాష ఒకటి, పరిగెత్తుతూ అరిచే భాష ఒకటి అయితే రెండోదే ఇంటికి వస్తుంది.

అక్షరాలు వద్దని మేం అనడం లేదు. అక్షరం ఎప్పుడు, ఎందుకు అన్నదే ప్రశ్న. జట్ల పేర్లు, మార్కులు బోర్డు మీద రాసే పని పిల్లలకే ఇస్తాం. హాల్లో, మెట్ల కింద, పూలకుండీల వెనక చీటీలు దాస్తాం. ఒక చీటీ చదివితే రెండోది ఎక్కడుందో తెలుస్తుంది, చివరిది చదివితే వేరుశనగ ఉండలు దొరుకుతాయి. “మెట్ల కింద” అన్న రెండు మాటలు కూడబలుక్కుని చదవడానికి ఏడేళ్ళ పిల్ల పడిన తపన నేను చూశాను. ఆ తపన లేకుండా యాభై ఆరు అక్షరాలు వరసగా దిద్దించినప్పుడు ఆ పిల్లే ఆవులించడమూ చూశాను. ఆ తప్పు మొదటి ఏడాది నేనే చేశాను.

సమావేశంలో వచ్చిన మరో ప్రశ్న: ఏ తెలుగు నేర్పుతారు? మా హాల్లో కర్నూలు పిల్లలున్నారు, భీమవరం పిల్లలున్నారు, వరంగల్లు పిల్లలున్నారు. ఒకరికి సొరకాయ అయితే ఇంకొకరికి ఆనపకాయ. ఒకరికి గోంగూర, ఇంకొకరికి పుంటికూర. దీన్ని చిక్కుగా చెప్పారు. మాకు ఇది ఆటకు ముడిసరుకు. కూరగాయ బొమ్మ చూపిస్తాం, మీ అమ్మమ్మ దీన్ని ఏమంటుందో ఫోన్ చేసి కనుక్కుని రమ్మంటాం. ఎక్కువ పేర్లు తెచ్చిన జట్టు గెలుస్తుంది. వాడుకభాష కోసం జీవితాంతం పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టిన ఆగస్టు 29ని మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. ఆయన 1863లో పుట్టారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు. పిల్లవాడి నోట ఉన్న మాట నుంచే చదువు మొదలుకావాలని ఆయన చేతలతో చూపించారు. ఆ రోజున దండలు వేసి, మిగిలిన 364 రోజులూ “అలా అనకూడదు, ఇలా అనాలి” అని పిల్లల యాసను దిద్దడం ఆయనకు గౌరవం కాదు.

నాలుగో మాట: కన్నడ గడ్డ మీద తెలుగు తరగతులా? ఈ సందేహం వెనక మర్యాద ఉంది కాబట్టి దీనికి శ్రద్ధగా జవాబు చెప్పాలి. ముందు మన తప్పు ఒప్పుకోవాలి. పదేళ్ళు ఇక్కడే ఉండి, ఇక్కడి నీళ్ళు తాగి, ఆటో డ్రైవరుతో నాలుగు కన్నడ ముక్కలు మాట్లాడలేని తెలుగువాళ్ళు మనలో ఉన్నారు. అది మర్యాద కాదు. కర్ణాటకలో బడి పిల్లలందరూ కన్నడం నేర్చుకోవాలని 2015లో చేసిన చట్టం న్యాయమైనది. మన పిల్లలు దాన్ని బరువుగా కాక హక్కుగా తీసుకోవాలి.

కానీ తెలుగు నేర్చుకుంటే కన్నడానికి దూరమవుతారన్నది వాస్తవానికి విరుద్ధం. మా తరగతిలో పిల్లలకు అన్నిటికంటే ఇష్టమైన ఆట ‘హ తీసి ప పెట్టు’. పాత కన్నడంలో పదాల మొదట ఉన్న ‘ప’ కాలక్రమంలో ‘హ’ అయింది, తెలుగులో అలాగే ఉండిపోయింది. హాలు పాలవుతుంది. హులి పులి అవుతుంది. హూవు పువ్వు, హావు పాము, హంది పంది, హణ్ణు పండు, హాడు పాడు. ఒక పిల్ల కాసేపు ఆలోచించి “హళ్ళి అంటే పల్లె! మారతహళ్ళి కూడా ఒక పల్లే!” అని లేచి నిలబడింది. ఆ రోజు నుంచి బస్సు బోర్డు కనిపిస్తే చాలు, పిల్లలు హళ్ళులన్నీ పల్లెలు చేస్తున్నారు. బడిలో కన్నడ అక్షరాలు వచ్చిన పిల్లలకు తెలుగు అక్షరాలు సగం వచ్చినట్టే, రెండు లిపులూ ఒకే తల్లి బిడ్డలు గనక. రెండో తరగతిలో కన్నడం అంటే భయపడిన మా అమ్మాయికి ఆ భయం తీరింది ఈ ఆటలోనే.

ఈ రెండు భాషలూ ఎప్పుడు పగవాళ్ళయ్యాయి? కన్నడ ఆదికవి పంపడి కుటుంబం మూలాలు వేంగినాట ఉన్నాయి. ఆయన తమ్ముడు జినవల్లభుడు కరీంనగర్ దగ్గర కురిక్యాలలో చెక్కించిన పదో శతాబ్దపు శాసనంలో సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఉన్నాయి. తెలుగు కంద పద్యాలకు మనకు దొరికిన తొలి సాక్ష్యాల్లో అదొకటి. తెలుగుకూ కన్నడానికీ ప్రాచీన భాష హోదా ఒకే రోజున, 2008 అక్టోబరు 31న వచ్చింది. ఇంటి భాష వేరైతే కన్నడానికి ద్రోహమనుకునేవాళ్ళు కన్నడానికి జ్ఞానపీఠాలు తెచ్చినవాళ్ళ ఇళ్ళలోకి తొంగిచూడాలి. 1973లో ఆ పురస్కారం పొందిన బేంద్రే ఇంటి భాష మరాఠీ. 1983లో పొందిన మాస్తి ఇంటి భాష తమిళం. 1998లో పొందిన గిరీశ్ కార్నాడ్ ఇంటి భాష కొంకణి. ఇంటి మాట పదునుగా ఉన్నవాళ్ళే పొరుగు మాటనూ పదును పెట్టగలిగారు. మా అష్టాచెమ్మా కన్నడ పిల్లలకు చౌకాబార, మా వామనగుంటలు వాళ్ళకు అళిగుళి మణె. పొరుగింటి కన్నడ పిల్లలు వచ్చి ఆడతామంటే చోటిస్తాం, ఆ పూట లెక్క రెండు భాషల్లో సాగుతుంది.

ఐదో మాట ఆ తల్లిది: నాలుగో బరువు. ఆమె బాధను నేను తక్కువ చేయను. వారమంతా ట్యూషన్లు, పరీక్షలు, ఆదివారం ఒక్కటే ఊపిరి. అందుకే ఆదివారం బల్లా పుస్తకం పెట్టలేదు. ఆట ఎవరికీ బరువు కాదు. ఇక భాషలు ఎక్కువైతే బుర్ర గందరగోళమవుతుందన్న భయం పాతది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జరిగిన కొన్ని పరిశోధనలు రెండు భాషల పిల్లలు వెనకబడతారన్నాయి. ఆ పిల్లల పేదరికాన్ని అవి లెక్కలోకి తీసుకోలేదు. 1962లో మాంట్రియల్‌లో పీల్, లాంబర్ట్ అనే ఇద్దరు పరిశోధకులు సమాన స్థితిగతులున్న పదేళ్ళ పిల్లలను పోల్చి చూస్తే ఫ్రెంచి, ఇంగ్లీషు రెండూ బాగా వచ్చిన పిల్లలు బుద్ధి పరీక్షల్లో ముందున్నారు. అంతదూరం ఎందుకు, మన గేటు ముందు కూరగాయల బండి దగ్గర కన్నడం, తెలుగు, తమిళం, ఉర్దూ నాలుగింటిలో బేరం తెగ్గొట్టే ఆమెను ఏ భాష గందరగోళపెట్టింది? పిల్లలకు బరువయ్యేది భాష కాదు. మార్కుల భయంతో కలిపి ఇచ్చిన ఏదైనా బరువే.

చివరగా నిజాయితీగా ఒక మాట. వారానికి రెండు గంటలతో భాష వస్తుందా? రాదు. పిల్లవాడు వారంలో మేలుకుని ఉండేది దాదాపు వంద గంటలు, అందులో మావి రెండు. ఏడాదిలో నలభై ఆదివారాలు జరిగినా ఎనభై గంటలే. ఆ ఎనభై గంటల్లో తెలుగు నేర్పేస్తామని ఎవరైనా చెబితే నమ్మకండి. మేం చేసే పని వేరు. తెలుగులో పోట్లాడగల ఒక స్నేహితుణ్ణి మీ పిల్లవాడికి సంపాదించి పెడతాం. ఆ స్నేహితుడు పక్క బ్లాకులోనే ఉంటాడు, సోమవారం కూడా ఉంటాడు. మిగతా తొంభై ఎనిమిది గంటల్లోకి తెలుగు అతని చెయ్యి పట్టుకుని వస్తుంది. మీరు చేయాల్సిందల్లా ఆ ఇద్దరినీ ఒకరింటికి ఒకరిని పంపించడం, సెలవులకు ఇద్దరినీ ఒకే అమ్మమ్మ ఊరికి తీసుకెళ్ళడం, మాట తప్పితే నవ్వకుండా ఉండడం.

ఈ పని చేస్తున్నది మనం ఒక్కరమే కాదు. కాలిఫోర్నియాలో సిలికానాంధ్ర 2007లో మొదలుపెట్టిన మనబడి ఎన్నో ఊళ్ళలో వారాంతపు బడులు నడుపుతోంది. కేరళ ప్రభుత్వం 2009లో ప్రారంభించిన మలయాళం మిషన్ బెంగళూరులోనూ పనిచేస్తోంది. అందులో మొదటి తరగతి పేరు కణిక్కొన్న, పదో తరగతికి సమానమైన ఆఖరిదాని పేరు నీలక్కురింజి. తరగతుల పేర్లన్నీ పూల పేర్లే. స్పెయిన్‌లో, ఇటలీలో కూలి పనులకూ ఇళ్ళ పనులకూ వెళ్ళి స్థిరపడిన రొమేనియా వాళ్ళ పిల్లలకు రొమేనియా విద్యాశాఖ 2007 నుంచి తమ భాషా సంస్కృతుల తరగతులు నడుపుతోంది. తల్లిదండ్రులు వారాంతాల్లో ఆటపాటలతో బడులు పెట్టుకుంటారు. వాళ్ళ భాషా దినోత్సవం ఆగస్టు 31, మన దానికి రెండు రోజుల తర్వాత. వాళ్ళ ఊరు సముద్రాల అవతల కాదు, రెండు రోజుల బస్సు ప్రయాణం. అయినా వాళ్ళు దగ్గరే కదా అని ఊరుకోలేదు. మన ఊరు ఒక్క రాత్రి బస్సు ప్రయాణం. ఆ దగ్గరితనమే మనల్ని ఏమరుపాటులో ఉంచుతోంది.

సమావేశంలో మొదటి మాట అన్న పెద్దాయనకు నాదొక విన్నపం. బ్రిడ్జి దగ్గర మీరు విన్న తెలుగు అబద్ధం కాదు. దాన్ని మాట్లాడినవాళ్ళంతా ఎక్కడో ఒక వీధిలో తెలుగులో ఆడుకుని పెరిగి వచ్చినవాళ్ళు. వచ్చే ఆదివారం పదింటికి మీ మనవణ్ణి తీసుకుని కింది హాలుకు రండి. మేం పాఠం ఎలా చెబుతున్నామో చూడొద్దు. ఆట మధ్యలో తగాదా వచ్చేదాకా ఓపిక పట్టండి. అప్పుడు పిల్లలు ఏ భాషలో అరుచుకుంటున్నారో వినండి.